‘పౌరుడు’ కాదు, ‘వ్యక్తి’

అక్టోబరు 8 కె. బాలగోపాల్ వర్ధంతి. గణితంలో డాక్టరేట్ చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆయన ఉద్యోగం వదిలి పౌరహక్కుల ఉద్యమానికి అంకితమయ్యారు. ఎన్‌కౌంటర్ జరిగిందంటే ఆ ఊరికి వెళ్లి నిజమేమిటో ఆరా తీసేవారు. నక్సలైట్ల హింసనూ అంతే సూటిగా ప్రశ్నించారు. 1998లో మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేయడంలో ముందున్నారు. నలభై దాటాక నల్లకోటు వేసుకుని పేదల కేసులు వాదించారు. 2009లో, 57 ఏళ్లకే కన్నుమూశారు.

పోలీసులు ఆత్మరక్షణ కోసమే కాల్చామంటే సరిపోదు, కేసు పెట్టి కోర్టులో రుజువు చేయాలన్నది హక్కుల సంఘాల వాదన. 2009 ఫిబ్రవరిలో హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని అంగీకరించింది. వివాదం తర్వాత సుప్రీంకోర్టుకు చేరింది.

ఆ వాదనకు మూలం రాజ్యాంగం 21వ అధికరణ. ప్రాణానికీ స్వేచ్ఛకూ అది ఇచ్చే రక్షణ ‘పౌరుడి’కి కాదు, ‘వ్యక్తి’కి. అమెరికా రాజ్యాంగం 5వ, 14వ సవరణల్లోనూ ఉన్నది ఆ మాటే. హెచ్‌1బీ మీద ఉన్నవారికీ, గ్రీన్‌కార్డు కోసం ఏళ్లుగా వరుసలో నిలబడ్డవారికీ ఇక్కడ అండ అదే.

అయినా కాగితాలు లేనివారిని విచారణ లేకుండా పంపేస్తామంటే మనలో కొందరు తలూపుతున్నారు. వాళ్లకు లేని విచారణ రేపు మనకు మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? మనకు నచ్చనివాడికి కూడా న్యాయం అడగడమే బాలగోపాల్‌కు అసలైన నివాళి.