ఆ స్కోరు అడిగేది ఎవరు?

విదేశాలకు వెళ్లాలనుకునే మన పిల్లలు అమీర్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోచింగ్ సెంటర్ మెట్లెక్కగానే అడిగే మొదటి మాట ‘ఏ ఇంగ్లిష్ పరీక్ష తేలిక?’ అని. జవాబూ సిద్ధంగానే ఉంటుంది. పీటీఈలో ఎగ్జామినర్ ఎదుట కూర్చోనక్కర్లేదు, డ్యూలింగో ఇంట్లోనే గంటలో అయిపోతుంది అంటారు. అసలు అడగాల్సింది ఇది కాదని నా వాదన. ఆ స్కోరును చివరికి ఎవరు చూస్తారో ముందు తేల్చుకోవాలి. యూనివర్సిటీ, వీసా ఆఫీసు, వృత్తి లైసెన్సు ఇచ్చే మండలి, శాశ్వత నివాసం మంజూరు చేసే శాఖ... వీటన్నిటి నిబంధనలూ ఒకటి కావు. ఒకరికి నచ్చిన స్కోరు ఇంకొకరి దగ్గర చెల్లకపోవచ్చు.

కెనడా సంగతే చూడండి. అక్కడ సీటు కోసం ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాస్తారు. చదువు ముగిసి, ఉద్యోగంలో చేరి, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టే రోజున ఆ అకడమిక్ స్కోరు చెల్లదు. జనరల్ ట్రైనింగ్ రాయాలి, లేదంటే సెల్పిప్ జనరల్, అదీ కాకుంటే 2024 నుంచి ఒప్పుకుంటున్న పీటీఈ కోర్. ఐఈఎల్‌టీఎస్ రెండు రకాల్లోనూ లిజనింగ్, స్పీకింగ్ ఒకటే. రీడింగ్, రైటింగ్ వేరు. అకడమిక్‌లో గ్రాఫును వివరించాలి, జనరల్‌లో ఉత్తరం రాయాలి. పైగా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో సగటు బ్యాండును పట్టించుకోరు, ఒక్కో నైపుణ్యాన్నీ విడిగా లెక్కిస్తారు. కెనడా భాషా కొలమానమైన సీఎల్‌బీలో 9వ స్థాయికి లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున రావాలి. మిగతావి ఎంత బాగా వచ్చినా లిజనింగ్ 7.5 దగ్గర ఆగితే ఆ స్థాయి అందదు, పాయింట్లూ తగ్గుతాయి. ఇవి ముందే తెలిసినవాళ్ల సాధన వేరుగా ఉంటుంది.

ఒక్కొక్కరికీ ఒక్కో పరీక్ష తేలికే కదా, ఆ వెసులుబాటు ఎందుకు వదులుకోవాలి అనొచ్చు. మనిషి ఎదుట తడబడేవాళ్లు, కంప్యూటర్ ముందు ధైర్యంగా మాట్లాడేవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ ఆ తేలికను స్కోరు అడిగేవాళ్లూ గమనిస్తూనే ఉంటారు. ఆస్ట్రేలియా వీసాల్లో ఇంగ్లిష్‌కు అత్యున్నతమైన ‘సుపీరియర్’ స్థాయికి పీటీఈ నాలుగు విభాగాల్లోనూ 79 వస్తే చాలేది. 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం లెక్క మార్చింది. లిజనింగ్‌ను 69కి, రీడింగ్‌ను 70కి తగ్గించి, రైటింగ్‌ను 85కి, స్పీకింగ్‌ను 88కి పెంచింది. యంత్రం ముందు మాట్లాడటం సులువనుకున్న చోటే మెట్టు ఎత్తయింది. తేలికను నమ్ముకుని పరీక్ష ఎంచుకుంటే ఆ నమ్మకానికి ఆయుష్షు ఇంతే.

అమెరికా విషయంలో నా వాదన కొంత సడలుతుందని ఒప్పుకోవాలి. ఎఫ్-1 విద్యార్థి వీసాకు ప్రభుత్వం ఫలానా పరీక్షే రాయమనదు, నిర్ణయం యూనివర్సిటీదే. కాబట్టి ఎంఎస్‌కు వెళ్లే చాలామందికి తక్కువ ఫీజుతో అయిపోయే డ్యూలింగో సరైన ఎంపికే. ఐఈఎల్‌టీఎస్‌కు 18 వేల రూపాయలకు అటూఇటూ పోయాల్సిన ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. అయినా యూనివర్సిటీ పేజీతో ఆగకుండా డిపార్ట్‌మెంట్ పేజీ కూడా చదవాలి. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ఇచ్చేటప్పుడు స్పీకింగ్ స్కోరును విడిగా అడిగే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. అమెరికా వీసా రాకపోతే ఆస్ట్రేలియా అనుకునేవాళ్లకు మరో చిక్కు: అక్కడి వీసాకు డ్యూలింగో పనికిరాదు.

నర్సులది ఇంకో లెక్క. బ్రిటన్ నర్సింగ్ మండలి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌నూ, వైద్యవృత్తుల వారికి పెట్టే ఓఈటీనీ రెండింటినీ ఒప్పుకుంటుంది. ఐఈఎల్‌టీఎస్ అయితే రైటింగ్‌లో 6.5, మిగతా మూడింటిలో 7 కావాలి. ఓఈటీలో రాసేది రోగి కేసు వివరాలతో ఉత్తరం, మాట్లాడేది రోగితో జరిగే సంభాషణ. ఫీజు ఎక్కువే, కానీ వార్డులో పనిచేసిన నర్సుకు ఆ సాధన రేపటి ఉద్యోగానికీ పనికొస్తుంది. మండలి ఒప్పుకున్న పరీక్ష పాసైతే వీసాకు మళ్లీ ఇంగ్లిష్ పరీక్ష రాయక్కర్లేదు కూడా.

నిబంధనలు ఏటా మారుతుంటే ముందుచూపు ఎందుకన్న ప్రశ్నకూ బలముంది. విద్యార్థి వీసాను త్వరగా ఇచ్చే ఎస్‌డీఎస్ పద్ధతిని కెనడా 2024 నవంబరులో ఉన్నపళాన ఎత్తేసింది. అందుకే పరీక్ష మరీ ముందుగా రాయకూడదంటాను. స్కోరుకు సాధారణంగా రెండేళ్లే గడువు. ఆస్ట్రేలియాలో చదువయ్యాక తీసుకునే 485 వీసాకైతే దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు రాసిందే కావాలి. బీటెక్ మూడో ఏట తొందరపడి రాసిన స్కోరు అవసరమైన రోజుకు చెల్లకుండా పోవచ్చు. దరఖాస్తు చేసే నెల తేలాక, అప్పటి అధికారిక పేజీ చదివి ఫీజు కట్టాలి. ఆ పేజీని విద్యార్థి పక్కన కూర్చుని చదివించే పని మన ఇంజినీరింగ్, నర్సింగ్ కాలేజీలు సొంతంగా చేయొచ్చు. ఇందుకు కావాల్సింది ఒక కంప్యూటరు, ఒక మధ్యాహ్నం, పరీక్షలపై కమీషన్ తీసుకోని ఒక అధ్యాపకుడు.