ఇస్మాయిల్ భాయ్‌కి ఉద్యోగం వచ్చేదెప్పుడు?

రెండు దశాబ్దాల కిందట ‘ది అంగ్రేజ్’ అనే దక్కనీ హాస్యచిత్రం వచ్చింది. చార్మినార్ దగ్గర ముఠాగా చేరి ప్రగల్భాలు పలికే ఇస్మాయిల్ భాయ్, అబద్ధం లేనిదే నోరు విప్పని సలీం ఫేకు, వారి వెంట జహంగీర్ – ఈ ముగ్గురూ ఆ చిత్రంతో ఇంటింటికీ పరిచయమయ్యారు. 2006లో ‘హైదరాబాద్ నవాబ్స్’ వచ్చింది. ఆ తరువాత గుల్లూ దాదా వచ్చాడు. ఒక చిత్రంతో ఆగక మళ్లీ మళ్లీ వచ్చాడు. చిన్న థియేటర్లలో ఆడిన ఆ నవ్వు సీడీల్లోకి, అక్కడి నుంచి సెల్‌ఫోన్లలోకి దిగింది. నేడు మన పిల్లలు ఇద్దరు ముగ్గురు మైకు ముందు కూర్చొని, రాసుకున్న సంభాషణ ఏదీ లేకుండా, ఆ భాయిల గొంతులనే అనుకరిస్తూ అప్పటికప్పుడు మాట పుట్టించి పాడ్‌కాస్టుల పేరిట వదులుతున్నారు. వేదిక మారింది, తరం మారింది. వేషం మాత్రం మారలేదు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి గనుక నా పద్ధతిలో చెబుతాను. ఇస్మాయిల్ భాయ్ పేరిట ఒక సర్వీసు రిజిస్టరు తెరిచి ఉంటే ఈ ఇరవై యేళ్లలో అందులో ఒక్క నమోదు కూడా పడి ఉండేది కాదు. చదువు లేదు, ఉద్యోగం లేదు, పెళ్లి లేదు, పిల్లల ఫీజు లేదు, తల్లి వైద్యం లేదు. మొదటి రోజు ఏ అరుగు మీద కూర్చున్నాడో నేటికీ ఆ అరుగు మీదనే ఉన్నాడు. ఇది హాస్యానికి అవసరమా? అవసరం కాదని, హాస్యకారుల సోమరితనమని, దాని ఖర్చు మన సమాజం భరిస్తున్నదని నా అభియోగం.

ముందుగా ఒక అపార్థాన్ని తొలగించాలి. నేను నవ్వుకు శత్రువును కాను, దక్కనీ భాషకు అసలే కాను. కులీ కుతుబ్ షా కవిత్వం రాసిన భాష అది. అటువంటి భాష సినిమాల్లో నౌకర్ల భాషగా దిగజారిన కాలాన్ని మా తరం చూసింది. 1965లో వచ్చిన హిందీ చిత్రం ‘గుమ్‌నామ్’లో మహమూద్ బట్లర్ వేషం వేసి హైదరాబాదీ యాసలో మాట్లాడితే దేశమంతా నవ్వింది. మన యాస ఇతరులకు నవ్వులాట అయింది. అదే 1965లో మన బబ్బన్ ఖాన్ ‘అద్రక్ కే పంజే’ నాటకాన్ని మొదలుపెట్టారు. సంతానం పెరిగి, సంపాదన చాలక, అప్పులవాళ్లతో వేగే సామాన్య కుటుంబపు కథ అది. 2001 వరకు, ముప్ఫై అయిదేళ్లకు పైగా, దేశవిదేశాల్లో వేలాది ప్రదర్శనలు జరిగి గిన్నిస్ పుస్తకానికెక్కింది. అదే కథను అన్నేళ్లు ప్రదర్శించినా జనం విసుగు చెందలేదు. కారణం స్పష్టం. ఆ నవ్వు లేమి మీద, లేమిలో మనిషి చేసే లెక్కల మీద పుట్టింది. చూసినవాడు ఆ మనిషిని చూసి నవ్వుతూనే తన ఇంటి లెక్క సరిచూసుకున్నాడు.

1962లో ఏర్పడిన జిందా దిలానే హైదరాబాద్ సంస్థ, ‘షుగూఫా’ మాసపత్రిక ఈ నగరంలో హాస్యానికి సాహిత్య గౌరవం కట్టబెట్టాయి. ‘సియాసత్’ పత్రికలో హాస్యకాలమ్ రాసి ఎదిగిన ముజ్తబా హుసేన్‌కు 2007లో పద్మశ్రీ లభించింది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టంపై దేశం అట్టుడుకుతున్న వేళ, దేశంలో నెలకొన్న పరిస్థితికి నిరసనగా ఆ పురస్కారాన్ని తిరిగి ఇచ్చివేస్తున్నట్లు ఆయన ప్రకటించారు. మరుసటి ఏడాది కన్నుమూశారు. జీవితమంతా నవ్వించినవాడు ఎక్కడ నవ్వకూడదో కూడా తెలిసినవాడని ఆ వృద్ధుడు నిరూపించి వెళ్లారు. మన హాస్యానికి ఇంతటి వంశం ఉంది. ఈ వంశంలో పుట్టిన నేటి హాస్యకారులను నిలదీసే హక్కు మనకు ఉంది.

ఒకే పాత్ర మళ్లీ మళ్లీ రావడం తప్పని నేను అనడం లేదు. తెలుగు నేల మీద తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తరతరాలుగా వస్తూనే ఉన్నారు. రామాయణ కథ నడుస్తుండగా మధ్యలో దూరి, ఏ ఊళ్లో ఆట ఆడుతున్నారో ఆ ఊరి సంగతులే ఎత్తి ఆశువుగా చమత్కరిస్తారు. పాత్ర పాతదే అయినా మాట ప్రతి రాత్రీ కొత్తది. అమెరికాలో 2009లో మొదలై పదిహేనేళ్లకు పైగా సాగిన ‘కామెడీ బ్యాంగ్ బ్యాంగ్’ అనే పాడ్‌కాస్టు కూడా ఇటువంటిదే. స్కాట్ ఆకర్మన్ అనే నిర్వాహకుడు ప్రశ్నలు వేస్తాడు. నటులు కల్పిత వ్యక్తులుగా వచ్చి అప్పటికప్పుడు జవాబులు చెబుతారు. ఆశుహాస్యానికి అక్కడ ఒక నియమం ఉంది: ఎదుటివాడు అన్నదాన్ని కాదనకు, దానికి నీది ఒకటి చేర్చు. అందువల్ల తిరిగి వచ్చే పాత్రకు వచ్చిన ప్రతిసారీ ఒక బంధువో, ఒక బాకీయో, ఒక గతమో చేరుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కల్పిత మనిషికి ఒక జీవితం ఏర్పడుతుంది. దీర్ఘకాలం సాగే హాస్యానికి ఉన్న బలం ఇదే.

మన భాయికి ఏమి చేరింది? ఏమీ చేరలేదు. సీతాఫల్‌మండిలో ఉంటున్నవాణ్ణి, మా చుట్టుపక్కల మనుషులను ఎరుగుదును. 1893లో నెలకొన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపు మాకు కూతవేటు దూరంలో ఉంది. చిలకలగూడ, వారాసిగూడ, మెట్టుగూడ గల్లీల్లో ముస్లిం ఇల్లూ, తెలుగు ఇల్లూ, తమిళ ఇల్లూ గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఇక్కడి ముస్లిం రైల్వేలో పనిచేసి పింఛను తీసుకుంటున్నవాడు, ఆటో కిస్తీ కట్టేవాడు, మిషను కుట్టి కూతురిని ఇంటర్ చదివిస్తున్న తల్లి, ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీ పోయే కుర్రవాడు. పాతబస్తీలో మాత్రం వేరే మనుషులున్నారా? అక్కడా గాజులు చేసేవాళ్లు, జరీ పని చేసేవాళ్లు, టీచర్లు, నర్సులు ఉన్నారు. ఏటా స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపడంలో సాయపడుతున్న నాకు, ఆదాయ ధ్రువపత్రం కోసం మూడోసారి తిరుగుతున్న తండ్రి కనిపిస్తాడు. ఆ తిరుగుడులో ఎంత హాస్యం ఉందో, ఎంత ఏడుపు ఉందో చెప్పనలవి కాదు. ఆ తండ్రి ఈ హాస్యంలో ఎక్కడా లేడు. ఆ తల్లి అసలే లేదు. మన స్త్రీకి ఈ అరుగుల మీద చోటు లేదు. ఉన్నా అరిచే భార్యగానో, మాట రాని పెళ్లికూతురుగానో ఉంటుంది.

“వినోదాన్ని ఇంత గంభీరంగా తీసుకోవాలా?” అని అడిగేవారున్నారు. తీసుకోవాలి. 2006 నవంబరు 30న సచార్ కమిటీ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. దేశ జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం మాత్రమే ఉన్నారని అది తేల్చింది. ముస్లిం పిల్లలందరూ మదర్సాల్లోనే చదువుతారన్న ప్రచారానికి సమాధానంగా, బడి ఈడు పిల్లల్లో మదర్సాలకు పోయేవారు 3 శాతమేనని లెక్క చూపింది. ఇల్లు అద్దెకు దొరకకపోవడం, అనుమానపు చూపులు ఎదుర్కోవడం ఆ నివేదికలోకెక్కాయి. అంటే మనవాడికి చదువు ఎందుకు అందలేదు, ఉద్యోగం ఎందుకు రాలేదు అని దేశం మొదటిసారి లెక్కలతో మాట్లాడిన ఆ రోజుల్లోనే, మనవాడు ఉద్యోగం అక్కర్లేక అరుగు మీద కూర్చున్నాడని చెప్పే బొమ్మ ఊరంతా తిరిగింది. నివేదికను ఎందరు చదివారు? బొమ్మను ఎందరు చూశారు?

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తరువాత ముస్లిం యువకులను పట్టుకుపోయారు, హింసించారు. చివరకు వారు నిర్దోషులుగా బయటపడ్డారు. రాష్ట్ర ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించవలసి వచ్చింది. ఆ అన్యాయానికి హాస్యచిత్రాలు కారణమని నేను అనను. అనడం అబద్ధం అవుతుంది. అయితే పనీపాటా లేని ముఠాగా పాతబస్తీ యువకుణ్ణి ముందే ఊహించుకొని ఉన్న సమాజానికి, అతడు నేరస్థుడంటే నమ్మడం సులభం. అతడు నిర్దోషి అంటే నమ్మడమే కష్టం. ఆ ఊహను ఎవరు పెంచి పోషించినా దోషమే. మనం పోషిస్తే రెట్టింపు దోషం.

నా ఉద్యోగకాలంలో ఒక సహోద్యోగి నన్ను పేరుతో పిలవడం మానేసి ‘భాయ్’ అంటూ ఆ చిత్రాల యాసతో పలకరించేవాడు. ద్వేషంతో కాదు, చనువుతోనే. నేను ఆ యాసలో మాట్లాడను, డిగ్రీ చదివాను, నోట్ ఫైలు తెలుగులో రాసేవాణ్ణి. అయినా అతనికి నాలో కనిపించింది తెర మీది మనిషే. నన్ను చూడకముందే నా బొమ్మ ఒకటి అతని తలలో గీసి ఉంది. ఇది నా ఒక్కడి ఫిర్యాదు కాదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయే మన పిల్లవాడు ఆ బొమ్మతో పోటీపడాలి. ఇల్లు అద్దెకు అడిగే మన కోడలు కూడా ఆ బొమ్మనే దాటి రావాలి.

“ఇదంతా మనవాళ్లు మనమీద వేసుకునే జోకులు కదా, పరాయివాడు వేస్తే తప్పుగాని” అన్నది రెండో వాదం. నటుడు ఎవరు, దర్శకుడు ఎవరు అన్నది నాకు ముఖ్యం కాదు. ఈ చిత్రాల్లో అన్ని మతాలవారూ కలిసి పనిచేశారు. అది ఈ నగరపు మంచితనం. నా ప్రశ్న ఒక్కటే: నవ్వు ఎవరి మీద? బలవంతుడి మీదనా, బలహీనుడి మీదనా? ఫైలు తొక్కిపెట్టిన అధికారి మీద, ఎన్నికలకు ముందు టోపీ పెట్టుకొని వచ్చే నాయకుడి మీద, వక్ఫ్ భూమిని కాజేసినవాడి మీద, కట్నం బేరమాడే మన ఇళ్లలోని పెద్దమనిషి మీద నవ్వండి. కడుపు పగిలేలా నవ్విస్తే చప్పట్లు కొట్టడానికి ముందు వరుసలో నేనుంటాను.

మూడో వాదం మన పెద్దల నుంచి వస్తుంది: “ఈ నవ్వులాటలే వద్దు, ఫోన్లు లాక్కోండి.” ఇదీ పొరపాటే. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డ మారుపేర్లతో పిలుచుకోవద్దని అల్‌హుజురాత్ సూరా ఆదేశిస్తున్నది. ఆ ఆదేశం మనిషిని కించపరచడానికి అడ్డు. నవ్వుకు అడ్డు కాదు. ఫోను లాక్కుంటే పిల్లవాడు మరొకరి ఫోనులో అదే చూస్తాడు. అతనికి మైకు ఇచ్చి, “ఇంతకన్నా మంచిది నువ్వు చెయ్యి” అనడమే మార్గం.

ఇక తెలుగు సంగతి. తెలుగు సినిమాలో ముస్లిం కనిపించాడంటే క్రియాపదాలు విరగ్గొట్టి మాట్లాడాలి. “నేను వస్తాడు” అనాలి. తరతరాలుగా తెలుగే ఇంటిభాషగా బతుకుతున్న దూదేకులవారు, నూర్‌బాషాలు, పల్లెటూళ్ల రైతు ముస్లింలు లక్షలమంది ఉండగా ఈ విరుపు ఎవరిది? దీనికి జవాబు మన సాహిత్యం ఎప్పుడో ఇచ్చింది. 1999లో వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో నెల్లూరు సీమ ముస్లిం కుటుంబం అచ్చమైన తెలుగులో నవ్వించింది. ఆ ఇంటి మనుషులే కథ తరువాత కథలో తిరిగి వస్తారు. వచ్చిన ప్రతిసారీ వారిని ఇంకొంచెం ఎక్కువగా ప్రేమిస్తాం. తిరిగి వచ్చే పాత్ర అంటే అది. పేదరికం ఉంది, నవ్వు ఉంది, కించపరచడం లేదు.

కనుక నా మాట ముగ్గురికి. హాస్యకారులారా, భాయిని చంపనక్కర్లేదు, బతకనివ్వండి. అతనికి వయసు రానివ్వండి, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించండి, బిడ్డను కాలేజీలో చేర్పించండి, పేరు తప్పు పడ్డ ఓటరు కార్డు పట్టుకొని తిప్పండి. హాస్యానికి కొరత రాదు, నాది పూచీ. తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఏ వేషం చూసి నవ్వుతున్నారో పక్కన కూర్చొని చూడండి, “ఇలాంటివాడు మన గల్లీలో ఎవరున్నారు?” అని అడగండి. జవాబు రాకపోతే చర్చ మొదలైనట్లే. కార్యకర్తలారా, ధర్నాలకు, వినతిపత్రాలకు మనం పెట్టే శ్రమలో పదోవంతు చాలు. ఒక గది, రెండు మైకులు, నలుగురు యువతీ యువకులు ఉంటే తెలుగులో, దక్కనీలో వారం వారం మన కథ మనమే చెప్పుకోవచ్చు. ఆ నలుగురిలో ఇద్దరు అమ్మాయిలు ఉండాలి.

హక్కులు చట్టంలో రాసి ఉంటే చాలదు. పక్కింటివాడి ఊహలోనూ మనకు చోటు ఉండాలి. అక్కడ ఇరవై యేళ్లుగా ఒక్క ఇస్మాయిల్ భాయ్ మాత్రమే కాపురమున్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లోకి మన రైల్వే పింఛనుదారు, మన మిషను కుట్టే తల్లి, మన ఇంటర్ చదివే అమ్మాయి కూడా సామాను సర్దుకొని చేరాలి.