సీటు పగుళ్లకు చలి ఒక్కటే దోషా?



కెనడా ప్రెయిరీ మైదానాల్లో ట్రాక్టర్ల వినైల్ సీట్లు పగలడానికి మైనస్ 30 డిగ్రీల చలే కారణమన్న మీ పత్రికలోని వ్యాసంతో పూర్తిగా ఏకీభవించలేను. వినైల్ అంటే పీవీసీ. స్వతహాగా అది గట్టి పదార్థం. అందులో కలిపే ప్లాస్టిసైజర్ వల్లే మెత్తబడుతుంది. ఏళ్ల తరబడి వేసవి ఎండకు ఆ ప్లాస్టిసైజర్ కొద్దికొద్దిగా తరిగిపోతుంది. చలి ఆ బలహీనతను బయటపెడుతుంది, అంతే. చలి ఒక్కటే దోషి అయితే కొత్త సీటూ పాత సీటూ ఒకేలా పగలాలి కదా! వెచ్చని షెడ్డు చాలదా అని అడగవచ్చు. షెడ్డు చలిని ఆపగలదు గానీ, పోయిన మెత్తదనాన్ని తిరిగి తేలేదు. పెట్రోలు, థిన్నర్లతో తుడిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. కాబట్టి రైతులు వేసవిలోనే సీటుకు ముసుగు వేయాలి, సబ్బునీటితోనే తుడవాలి. శీతాకాలంలో బిగుసుకున్న సీటు కాస్త వెచ్చబడ్డాకే దానిపై బరువు మోపాలి.

– ఒక పాఠకుడు