బొమ్మరింటికి బయటి గోడలు కూడా కావాలి

పిల్లలూ,

ఈ పాఠంలో అట్టపెట్టెతో బొమ్మరిల్లు చేస్తున్నారు కదా! చాలామంది లోపల మంచం, కుర్చీలు, కర్టెన్లు అన్నీ పెట్టేస్తారు. బయట మాత్రం అట్ట అట్టలాగే ఉండిపోతుంది. కొరియర్ లేబుల్ కూడా అలాగే ఉంటుంది! "ఆడుకునేది లోపలే కదా టీచర్, బయట ఎవరు చూస్తారు?" అంటారు. నేను మాత్రం ఒప్పుకోను. మంచం ఏ దేశంలోనైనా మంచమే. ఆ ఇల్లు ఏ ఊళ్ళో ఉందో, అక్కడ వాన పడుతుందో మంచు పడుతుందో చెప్పేది బయటి భాగమే.

ఇంగ్లండులోని విండ్సర్ కోటలో క్వీన్ మేరీ బొమ్మరిల్లు ఉంది. అది 1924లో పూర్తయింది. దాన్ని డిజైన్ చేసినవారు ఎడ్విన్ లుటియెన్స్. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌నీ, మన నిజాం నవాబు కోసం హైదరాబాద్ హౌస్‌నీ డిజైన్ చేసింది కూడా ఆయనే. ఆ బొమ్మరింట్లో కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి, దీపాలు వెలుగుతాయి. లోపల అన్ని వింతలున్నా బయటి భాగాన్ని ఆయన వదిలేయలేదు. గోడలు, కిటికీలు చక్కగా చేసి, ఆ గోడల్ని పైకి లేపితే లోపలి గదులు కనిపించేలా పెట్టారు. దాని కొలత కూడా మనకు పనికొస్తుంది: అసలు ఇంట్లో 1 అడుగు ఉంటే, బొమ్మరింట్లో 1 అంగుళం.

ముందు గోడల సంగతి చూద్దాం. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు తెల్లపొణికి కర్రను చెక్కి, ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఆ తర్వాత సున్నం పూత వేస్తారు. అది ఆరాకే రంగులు! మీరూ అంతే చేయండి. అట్ట మీద ముందు తెల్లరంగు వేసి ఆరనివ్వండి. లేకపోతే లేబుల్ మీది అక్షరాలు పైకి కనిపిస్తాయి.

ఇక కప్పు. మనం కెనడాలో ఉన్నాం. ఇక్కడ చాలా ఇళ్ళ కప్పులు ఏటవాలుగా ఉంటాయి, వాటి మీద షింగిల్స్ ఉంటాయి. నల్ల శాండ్‌పేపర్‌ని చిన్న ముక్కలుగా కోస్తే అచ్చం అలాగే ఉంటుంది. మన ఊళ్ళలో పాత ఇళ్ళకు గూన పెంకులు ఉండేవి. గీతలు గీతలుగా ఉండే అట్టకు పై కాగితం ఒలిచి, ఇటుక రంగు వేస్తే అవి వచ్చేస్తాయి. ఏది చేసినా కింది వరుస ముందు, పై వరుస తర్వాత అతికించాలి. పై వరుస కింది వరుస మీదికి రావాలి. అప్పుడే నీళ్ళు లోపలికి పోకుండా జారిపోతాయి. టొరంటోలో అయినా తెనాలిలో అయినా సూత్రం ఒకటే.

మరి ఏ ఇల్లు చేయాలి? ఇక్కడి ఇల్లా, అమ్మమ్మగారి ఇల్లా? అది మీ ఇష్టం. కానీ ఏ ఇల్లు చేసినా దానికి ఒక అరుగు పెట్టండి అంటాను నేను. అరుగు అంటే వీధివైపు, గుమ్మం పక్కన ఉండే గట్టు. ఇంటివాళ్ళే కాదు, దారిన పోయేవాళ్ళు కూడా కాసేపు కూర్చునేవాళ్ళు. తలుపు కొట్టక్కర్లేదు, ఫోన్ చేసి రానక్కర్లేదు. కొత్త దేశానికి వచ్చినవాళ్ళకు అలాంటి చోటు ఎంత అవసరమో మీ అమ్మానాన్నల్ని అడగండి. గుమ్మానికి గడప పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టండి. ముందు చిన్న ముగ్గు వేయండి. షింగిల్స్ ఇంటి ముందు ముగ్గు ఉంటే తప్పేం లేదు. మనం అలాగే బతుకుతున్నాం కదా!

ఇంకో మాట. ఊళ్ళలో పెంకుటిళ్ళు చాలావరకు కూల్చేసి డాబాలు, అపార్ట్‌మెంట్లు కట్టేస్తున్నారు. మీ అమ్మమ్మ, తాతయ్య పెరిగిన ఇల్లు కూడా ఇప్పుడు లేకపోవచ్చు. ఫోటోలు ఉన్నా, అందులో పెళ్ళివాళ్ళు ఉంటారు గానీ గోడలు కనిపించవు. ఇల్లు ఎలా ఉండేదో వాళ్ళకే గుర్తు. అందుకే ఈ ఆదివారం వీడియో కాల్‌లో "బాగున్నావా, తిన్నావా" దగ్గరే ఆగిపోకండి. "అమ్మమ్మా, మీ అరుగు ఎంత ఎత్తు ఉండేది? గోడకి ఏం రంగు? తలుపు ఏ వైపు తెరుచుకునేది?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకోండి. ఆవిడ "రెండడుగులు" అంటే, మీరు రెండంగుళాల అరుగు కట్టండి.