షోరూమ్ వెలుగు వేరు... ఇంటి వెలుగు వేరు!

హైదరాబాద్ శివార్లలో అయిదొందల గజాల స్థలం. అందులో నాలుగు వేల చదరపు అడుగుల ఇల్లు. స్లాబులు పడ్డాయి, గోడలు లేచాయి. ఇక మిగిలింది ‘ఫినిషింగే’ కదా అనుకుంటారు ఇంటాయనా ఇల్లాలూ. ఓ ఆదివారం కారేసుకుని పాలరాయి గోదాముకి వెళతారు. ఎత్తైన రేకుల షెడ్డు, నిలువుగా పేర్చిన పలకలు, పైన తెల్లటి దీపాలు. కుర్రాడు రాయి మీద నీళ్లు చల్లి గుడ్డతో ఇలా తుడుస్తాడు... అంతే, అద్దంలా మెరుస్తుంది! డాలస్‌లో ఉన్న కొడుక్కి ఫొటో వెళుతుంది. ‘సూపర్ నాన్నా’ అని జవాబొస్తుంది. అడ్వాన్సు చేతులు మారుతుంది. ఆ ఇంట్లో డెబ్బై ఎనిమిదేళ్ల నాయనమ్మ కూడా ఉంటారనీ, పొద్దున్నే స్నానం చేసి తడికాళ్లతో దేవుడి గదికి నడుస్తారనీ ఆ షెడ్డులో ఒక్కరికీ గుర్తు రాదు.

ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు. కోరి కట్టించుకునే పెద్ద ఇళ్లలో కాస్త అటూ ఇటుగా జరిగేదే. ఫ్లాటు కొనుక్కునేవారికి ఈ బెడద తక్కువ. బిల్డరు ఏ రాయి వేస్తే అదే రాయి. సొంత ఇంట్లో అలా కాదు. గడప దగ్గర్నుంచి కుళాయి పిడి దాకా ప్రతిదీ మనమే తేల్చాలి. పైగా చదరపు అడుగుకు వంద రూపాయల తేడా అంటే వినడానికి చిన్నమాటే. నాలుగు వేల అడుగులకు లెక్కేస్తే అక్షరాలా నాలుగు లక్షలు. అంత డబ్బు పోసీ ఎక్కువమంది చేసే పొరపాటు ఒక్కటే... ఇంట్లో చూసి ఎంచుకోవాల్సిన వాటిని షోరూములో చూసి ఎంచుకోవడం.

ముందు చెప్పాల్సింది మేస్త్రీకి

ఫినిషింగ్ అంటే చివర్లో చూసుకునేది అన్న అభిప్రాయం ఉంది చూశారూ, ముందు దాన్ని వదిలించుకోవాలి. నేలకి ఏం వేస్తున్నారో గుమ్మాలు నిలబెట్టకముందే తేలాలి. ఎందుకంటే ఒక్కో రకానిది ఒక్కో మందం. పద్దెనిమిది మిల్లీమీటర్ల పాలరాయీ, దాని కింద మాల్, అన్నీ కలిపి రెండున్నర అంగుళాల దాకా లేస్తుంది. జిగురుతో అతికించే టైలు అంగుళం లోపే. పడకగదిలో వేసే చెక్క ఇంకా పల్చన. హాల్లో పాలరాయి, గదిలో చెక్క, బాత్‌రూమ్‌లో టైలు అని ఆఖర్న అనుకుంటే గది గదికీ మధ్య ఓ మెట్టు తయారవుతుంది. అర అంగుళం ఎత్తే కదా అనిపిస్తుంది. పిల్లలు గెంతేస్తారు. కాలు ఈడ్చి నడిచే పెద్దవాళ్ల బొటనవేలు మాత్రం సరిగ్గా అక్కడే తగులుతుంది.

మెట్ల సంగతి మరీ అన్యాయం. కాంక్రీటు పోసేటప్పుడు మెట్లన్నీ ఒకే ఎత్తులో పోస్తారు. తర్వాత కింద హాల్లో రెండున్నర అంగుళాలు లేచి, మెట్ల మీద మాత్రం పల్చటి రాయి పడిందనుకోండి... మొదటి మెట్టు పొట్టిదైపోతుంది. పైఅంతస్తులోనూ నేల లేస్తే చివరి మెట్టు పొడుగైపోతుంది. అందరూ ఆ రెండు మెట్ల దగ్గరే తూలుతుంటారు, కారణం మాత్రం ఎవరికీ తెలియదు. గోడకి రాయి అంటించాలనుకున్నా ఇంతే. ముందే చెప్పకపోతే స్విచ్చు బోర్డులు గోడలోకి పూడుకుపోయినట్టు కనిపిస్తాయి.

కాబట్టి ఏ రంగు, ఏ కంపెనీ అన్నది తర్వాత చూసుకోవచ్చు. ఏ గదిలో రాయి, ఎక్కడ చెక్క, ఎక్కడ టైలు, ఎంత మందం... ఇంతవరకూ ఓ కాగితం మీద రాసి మేస్త్రీ చేతిలో పెట్టేయాలి.

నిమ్మచెక్క పరీక్ష

ఇక అసలు మోజు దగ్గరికొద్దాం. ఇటాలియన్ పాలరాయి! మనవాళ్లకి ఆ మోజు ఇప్పటిది కాదు. 1884లో పునాది వేసిన ఫలక్‌నుమా ప్యాలెస్‌కే ఇటలీ నుంచి పాలరాయి వచ్చింది. అందం గురించి మాట్లాడేదేముంది? మైకెలాంజిలో డేవిడ్ శిల్పాన్ని చెక్కింది ఇటలీలోని కరారా రాతినే. అయితే అందులోనే కిటుకుంది. ఉలికి అంత బాగా లొంగే రాయి మన వంటింటికీ అంతే తేలిగ్గా లొంగిపోతుంది.

పాలరాయంటే రసాయనశాస్త్రం లెక్కలో కాల్షియం కార్బొనేట్. దానికీ పులుపుకీ పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్‌రూమ్ కడిగే యాసిడ్... ఏది పడినా పైపొరను తినేస్తాయి. మెరిసే నేల మీద మసకబారిన మచ్చ మిగులుతుంది. ఇది మరక కాదు, తుడిస్తే పోవడానికి. రాయే అక్కడ అరిగిపోయింది. మళ్లీ పాలిష్ మిషను పెట్టాల్సిందే. ‘సీలర్ కొట్టిస్తాం, ఏమీ కాదు’ అంటారు అమ్మేవాళ్లు. సీలర్ నూనెనీ టీనీ లోపలికి ఇంకకుండా కొంతవరకూ ఆపుతుంది. పులుపు కొరకడాన్ని ఆపలేదు. ఇత్తడి కుందుల్ని చింతపండుతో తోమే అలవాటున్న ఇంట్లో దేవుడి గది ముందు తెల్ల పాలరాయి పరచడమంటే... సరే, చెప్పడం వరకే మన వంతు.

అందుకే రాయి కొనేముందు ఓ చిన్న ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. దాని మీద నిమ్మచెక్క పిండండి. పక్కనే కాస్త పసుపు, ఓ చుక్క నూనె. రాత్రంతా వదిలేసి పొద్దున్నే కడిగి చూడండి. ఆ ముక్క చూపించే నిజం ముందు ఏ కేటలాగూ పనికిరాదు.

గ్రానైట్‌కి ఈ బాధ లేదు, నిమ్మరసాన్ని లెక్కచేయదు. దానికోసం సముద్రాలు దాటనక్కర్లేదు కూడా. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వెళ్లే బ్లాక్ గెలాక్సీని ప్రపంచమంతా కొనుక్కుంటోంది. నల్లటి రాయిలో మెరిసే ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చినవి. కరీంనగర్ వైపు దొరికే ముదురు గోధుమరంగు టాన్‌బ్రౌన్ కూడా అంతే పేరున్నది. వంటగట్టుకి ఈ రెంటినీ మించిన రాయి వెతుక్కోవాల్సిందే. ఒక్కటే చిక్కు. నున్నటి నల్లరాయి మీద బోరునీళ్లు ఆరితే తెల్లటి చారలు కనబడతాయి, గుడ్డ చేతిలోనే ఉండాలి. ఇక తాండూరు బండ, కడప బండ, బేతంచెర్ల రాయి మనకి తరతరాల నేస్తాలే కానీ అవీ సున్నపురాళ్లే. పాత ఇళ్లలో కడప బండ గట్టు మీద తెల్లగా పాలిపోయిన మచ్చలు గుర్తున్నాయా? వాటిలో చాలా మటుకు పులుపు చేసిన పనే. వరండాకీ, పెరటి దారికీ మాత్రం వీటికి తిరుగులేదు.

తడికాలు పడే చోట మెరుపు వద్దు. ఇది అభిరుచికి సంబంధించిన మాట కాదు. అదే రాయిని అద్దం పాలిష్ చేయించకుండా మసక నునుపుతో వదిలేయొచ్చు. గ్రానైటయితే చేతికి గరుగ్గా తగిలే లెదర్ ఫినిష్ దొరుకుతుంది. బాత్‌రూమ్ టైళ్లకి ఆర్9, ఆర్10, ఆర్11 అని గుర్తులుంటాయి, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. షాపులో అడిగి మరీ చూడాలి.

మధ్యాహ్నం ఓ రంగు, రాత్రి ఓ రంగు

గోదాములో వెన్నరంగులో కనిపించిన రాయి ఇంటికొచ్చాక పసుపు తిరిగిందని గొడవపడేవాళ్లున్నారు. రాయి మారలేదు, వెలుగు మారింది. షోరూముల్లో తెల్లని దీపాలు వాడతారు. ఇంట్లో పసుపురంగు ఎల్‌ఈడీలు పెట్టిస్తాం. దీపం డబ్బా మీద 3000కె అని ఉంటే వెచ్చటి పసుపు కాంతి, 6500కె అంటే నీలి ఛాయలో తెల్లటి కాంతి. ఏ గదిలో ఏవి పెడతారో తేల్చుకుని, వాటి కిందే నమూనాలు చూడాలి. నేలకి వేసేదాన్ని నేల మీద పడుకోబెట్టి, గోడకి వేసేదాన్ని గోడకి ఆనించి చూడాలి. చేతిలో పట్టుకుని చూస్తే మోసపోతాం. పడమటి కిటికీ ఉన్న గదిలో సాయంత్రం అయిదింటికి ఓసారి చూడటం మరవొద్దు. రంగులూ అంతే. షేడ్ కార్డులో అగ్గిపెట్టంత ముక్కని నమ్మి ఇల్లంతా వేయించకుండా, ఎదురెదురు గోడల మీద మూడడుగుల చదరంలో రెండు కోట్లు వేయించి నాలుగు రోజులు దాంతో కాపురం చేయండి. గోడలు పూర్తిగా ఆరకుండా లప్పం పెట్టేస్తే ఎంత ఖరీదైన రంగయినా పొక్కులు లేస్తుంది. ముహూర్తం తోసుకొస్తోందని ఈ ఒక్క పనిలో తొందరపడితే మొదటి వానాకాలంలోనే బయటపడిపోతుంది.

చెక్కపనికి ఒక్క జాగ్రత్త చాలు. వంటగట్టు కిందా, సింకు చుట్టూ వాడే ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి. పైన అతికించే లామినేట్ ఎంత అందంగా ఉన్నా, నీళ్లు చేరితే ఉబ్బేది లోపలి చెక్కే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇల్లయితే కిటికీల బందులూ పిడులూ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి.

వేసిన నేలని కాపాడుకోవడం ఇంకో ఎత్తు. పాలరాయి పరిచాక వడ్రంగులూ, రంగుల వాళ్లూ దాని మీదే నెలల తరబడి పనిచేస్తారు. ప్లాస్టిక్ షీటు పరిచి పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూత పోయించాల్సిందే. తడి నేల మీద మరిచిపోయిన ఒక్క మేకు తుప్పు మరకని రాయిలోకి దించేస్తుంది. టైళ్లయితే తరుగుకి తెప్పించినవి కాక మరో పెట్టె అదే బ్యాచ్‌వి దాచుకోవాలి. రెండేళ్ల తర్వాత అదే పేరుతో కొన్నా అదే రంగు రాదు.

మళ్లీ మన నాయనమ్మ దగ్గరికొద్దాం. సింహద్వారానికి ఖరీదైన టేకు తెప్పించి, పీయూ పాలిష్ చేయించి, ‘అత్తయ్యా, ఈ గడపకి మాత్రం పసుపు రాయకండి’ అని కోడలు చెప్పే సన్నివేశం చాలా ఇళ్లలో ఉంటుంది. ఆవిడ ‘సరేనమ్మా’ అంటారు. శుక్రవారం పొద్దున్నే లేచి రాసేస్తారు. పాలిష్ పట్టిన చెక్క మీద పసుపు ఛాయ ఓ పట్టాన వదలదు. ఎండ తగిలే గుమ్మమైతే కొంత వెలిసిపోతుంది, లేకపోతే అదీ లేదు. ఈ తగవుకి వడ్రంగి దగ్గర తేలికైన మందుంది. గడప పైభాగానికి ఇత్తడి రేకు తొడుగు వేయించడం. పసుపు రాసుకోవచ్చు, కడుక్కోవచ్చు, లోపలి టేకు జోలికి ఏదీ పోదు. తొడుగు మందం ఎంతో ముందే చెబితే తలుపు కింద ఖాళీ సరిగ్గా వదులుతాడు.

అసలు పాలరాయి గోదాముకే ఆవిడను తీసుకెళితే? చెప్పులు విప్పి, ఆ తడిరాయి మీద నాలుగడుగులు వేయమంటే? అడ్వాన్సు ఇచ్చేముందు పది నిమిషాల పని. గృహప్రవేశం రోజు తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, కొత్త నేల మీద తడికాళ్లతో నడిచి వెళ్లి గడపకి పసుపు రాసేది ఆవిడే మరి.