పాయింటు తర్వాత ఎన్ని అంకెలు? పటమట సమావేశ తీర్మానం

పటమటలోనూ పక్కనున్న ఆటోనగర్‌లోనూ దుకాణాలకు, వర్క్‌షాపులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసే మేము ఈ రోజు సమావేశమై కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాము.

ఏ సంఖ్యనైనా పాయింటు తర్వాత రెండంకెలకు కుదించి అచ్చువేయడం మాలో చాలామందికి అలవాటైపోయింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు పైసలు కనుక డబ్బుకు అది చాలు. బంగారానికి చాలదు. కాటా మీద 8.246 గ్రాములు చూసిన మనిషికి బిల్లులో 8.25 కనబడితే ఆ నాలుగు మిల్లీగ్రాములు ఎక్కడివని అడుగుతాడు. అడగాలి కూడా. లేత్ పనిలో మిల్లీమీటరులో నూరో వంతు కావాలి, బోల్టుల లెక్కకు పాయింటే అక్కర్లేదు. కువైట్ దినారుకు వెయ్యి ఫిల్సులు, దానికి మూడంకెలు.

అన్నిటికంటె ప్రమాదం భూమి లెక్కలో ఉంది. మా సభ్యుల్లో ఒకరి ప్రోగ్రాం ఎకరాలను, సెంట్లను విడిగా తీసుకుని మధ్యలో చుక్క పెట్టి కలిపేది. రెండెకరాల ఐదు సెంట్లు 2.5 అని అచ్చయింది. చదివినవారికి అది రెండున్నర ఎకరాలు. తేడా 45 సెంట్లు, సెంటుకు 48.4 చొప్పున 2,178 గజాలు. ఆ కాగితం ముందు పెట్టుకుని అన్నదమ్ములు పంపకానికి కూర్చుంటే ఏమవుతుందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఖమ్మం వైపు 1.20 అంటే ఎకరా ఇరవై గుంటలు, నలభై గుంటలు ఒక ఎకరం. అలాంటివి రెండు కూడితే 2.40 కాదు, మూడెకరాలు రావాలి.

కాబట్టి తీర్మానించినదేమంటే, అంకెల సంఖ్యను ప్రోగ్రాంలో బిగించి రాయరాదు. ప్రతి కొలతకూ ఎన్ని అంకెలో పట్టికలో ఉంచి, అచ్చువేసేటప్పుడు అక్కడి నుంచే తీసుకోవాలి. సీ భాషలో ప్రింట్‌ఎఫ్‌కు చుక్క తర్వాత నక్షత్రం గుర్తు ఇస్తే ఆ సంఖ్యను విడిగా అందించవచ్చు; ఇది కొత్త విద్యేమీ కాదు. చివరి సున్నాలు తీసేయరాదు: 12.500 గ్రాములను 12.5 చేస్తే కాటా ఎంత సన్నగా తూచిందో కొన్నవారికి తెలియదు. కుదింపు కాగితం మీదే, లోపల అసలు విలువ ఉండాలి. డబ్బుకు, బంగారానికి ఫ్లోటు వాడరాదు, అందులో 2.675 కాస్త తక్కువగా నిలిచి, కుదిస్తే 2.68 బదులు 2.67 వస్తుంది. డెసిమల్ రకమే వాడాలి. భూమిని మొత్తం సెంట్లుగానో గుంటలుగానో దాచి, అచ్చులో "2 ఎకరాల 05 సెంట్లు" అని మాటల్లోనే రాయాలి.

ఇప్పటికే ఇచ్చిన ప్రోగ్రాములను సభ్యులు సొంత ఖర్చుతో సరిచేయాలి. మా ప్రోగ్రాముల నుంచి భూమి లెక్క కాగితాలు తీసుకున్నవారు వాటిని పాస్‌బుక్‌తో ఒకసారి సరిచూసుకోవలసిందిగా కోరుతున్నాము.