షౌక్ పెద్దది, ఇంజన్ చిన్నదే కావాలి

మా ఖాందాన్‌లో నెల రోజులుగా ఒకటే బహస్. బందర్‌లో మొదలై, గుడివాడ మీదుగా కువైట్ దాకా వాట్సాప్‌లో తిరుగుతోంది. మా ఆపా కొడుకు మూడేళ్లుగా థర్మాకోల్ విమానాలు ఎగరేస్తున్నాడు, రిమోట్‌తో. ఇప్పుడు వాడికి పెట్రోల్ ఇంజన్ విమానం కావాలి. నేరుగా వెళ్లి నేరుగా వచ్చేది కాదు. పల్టీలు కొట్టేది, తలకిందులుగా పోయేది, ముక్కు ఆకాశంలోకి పెట్టి గాల్లో వేలాడేది. కువైట్‌లో ఉన్న దుల్హాభాయ్‌కి ఎవరో దోస్త్ చెప్పాడట, కొంటే వంద సీసీ కొను, చిన్నది బేకార్ అని. ఆపాకి అసలు ఇంజన్ మాటే వద్దు. 'పేపర్లో రాస్తావు కదా, నువ్వే ఏదో ఒకటి చెప్పు' అని ఇద్దరూ నా మీద పడ్డారు. వాయిస్ మెసేజ్‌లో సరిపోయేంత జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ఇలాంటి పిల్లలు మన ఇళ్లలో ఇంకొందరు ఉన్నారని కూడా నాకు తెలుసు.

నా ఫైస్లా ముందే చెప్పేస్తా. 30 నుంచి 35 సీసీ మధ్య ఒకే సిలిండర్ ఇంజన్. దానికి సరిపడే, రెక్కల కొస నుంచి కొసకు సుమారు 190 సెంటీమీటర్లు ఉండే ఎక్స్‌ట్రా 300 తరహా ఎయిర్‌ఫ్రేమ్. వంద సీసీ వద్దు. అసలు వద్దన్నదీ సరికాదు.

ముందు ఒక గలత్‌ఫహ్మీ తీసేద్దాం. వాడు 'గ్యాస్ ఇంజన్' అనగానే ఆపా వంటింటి సిలిండర్ అనుకుంది. అమెరికా వాళ్లు పెట్రోల్‌ని గ్యాసొలీన్ అంటారు, దాన్ని కురచ చేసి గ్యాస్ అంటారు, అంతే. ఇది టూ స్ట్రోక్ ఇంజన్. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోస్తారు, బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్ డబ్బా స్పార్క్ ఇస్తుంది. పాత మోడల్ విమానాల్లో మిథనాల్, నైట్రోమీథేన్, ఆముదం కలిపిన ఖరీదైన ఇంధనం వాడేవాళ్లు. అది మన దగ్గర దొరకడమే కష్టం. పెట్రోల్ అయితే అవనిగడ్డలోనూ దొరుకుతుంది.

దివిసీమలో ఏ రైతునడిగినా ఈ ఇంజన్ బంధువుని చూపిస్తాడు. వీపుకు తగిలించుకుని మందు కొట్టే తైవాన్ పంపు ఉంది కదా, దాని ఇంజన్, ఈ విమానం ఇంజన్ దాదాపు ఒకే బిరాదరీ. రెండింటిలోనూ రబ్బరు పొరతో పనిచేసే డయాఫ్రం కార్బొరేటరే. అందుకే ఎటు తిప్పినా, తలకిందులు చేసినా ఇంజన్ ఆగదు. బైక్ కార్బొరేటర్‌లో ఉండే ఫ్లోట్ గిన్నె పల్టీ కొడితే పెట్రోల్ ఒలికిపోతుంది, దీంట్లో ఆ గిన్నే లేదు. జపాన్ వాళ్ల జెనోవా ఇంజన్లు గడ్డి కోసే మిషన్ల నుంచే విమానాల్లోకి వచ్చాయి. చైనాలో తయారయ్యే డీఎల్ఈ, అమెరికాలోని డెజర్ట్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇంజన్లు విమానాల కోసమే తేలికగా చేసినవి, కానీ లోపలి మిజాజ్ అదే.

అందుకే నా మొదటి మష్వరా ఇంజన్ కొనమని కాదు. గుడివాడలో పంపులు బాగు చేసే షెడ్డు ఏదైనా చూసి, వాణ్ని ఒక నెల అక్కడ కూర్చోబెట్టండి. ఒక పాత పంపు కార్బొరేటర్ విప్పి, డయాఫ్రం మార్చి, రెండు నీడిల్ స్క్రూలు సరిచేసి, మళ్లీ స్టార్ట్ చేయడం వాడి చేతికి రావాలి. మన వాళ్ల మెకానిక్ షెడ్లు మన బస్తీల్లోనే ఉన్నాయి. కాలేజీ సర్టిఫికెట్‌కి ఫ్రేమ్ కట్టిస్తాం, చేతి హునర్‌ని మాత్రం 'చదువు రాక చేశాడు' అని చిన్నచూపు చూస్తాం. ఈ షౌక్‌లో ఆ ఉస్తాద్ మాటే నడుస్తుంది. ఇంజనీరింగ్ చదివినవాడు కూడా ప్లగ్ తడిసిందా ఎండిందా చూడకుండా ఇంజన్ స్టార్ట్ చేయలేడు.

ఇక డొక్క సంగతి. ఎయిర్‌ఫ్రేమ్ అంటే ఇంజన్, రేడియో, మోటార్లు లేని ఉత్త విమానం. చాలామంది ముందు ఇంజన్ కొని, తర్వాత దానికి విమానం వెతుకుతారు. నా లెక్కలో అది ఉల్టా. ముందు ఎక్కడ దింపుతావో చూడు, ఎలా మోసుకెళ్తావో చూడు, దాన్నిబట్టి విమానం, విమానాన్నిబట్టి ఇంజన్.

ఎక్కడ దింపుతాడు? డెల్టాలో ఇదే అసలు మస్లా. మ్యాప్‌లో చూస్తే అంతా చదునే, కానీ ఖాళీ ఎక్కడ? వరి కోయక ముందే చేలో మినుములు చల్లేస్తారు, కాబట్టి సంక్రాంతి తర్వాత కూడా పొలం ఖాళీ కాదు. మినుము తీసిన తర్వాత, కాలవలకు నీళ్లు వదిలే ముందు, అంటే ఎండాకాలంలో మాత్రమే నేల దొరుకుతుంది. అప్పుడు నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది, చిన్న చక్రాలు అందులో ఇరుక్కుని కాళ్లు విరుగుతాయి. నాగాయలంక, కోడూరు వైపు చెరువుల గట్ల మీద కరెంటు తీగలు, పిట్టలు వాలకుండా కట్టిన తాళ్లు. మంగినపూడి బీచ్‌లో ఇసుక ఇంజన్‌లోకి పోతుంది, ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పడతాయి, పైగా ఆదివారం జనం. కాబట్టి ఒక రైతుని అడిగి, ఇజాజత్ తీసుకుని, వంద నూటయాభై మీటర్ల కుంటి రన్‌వే ఒకటి చదును చేసుకోవాల్సిందే.

అలాంటి చోట వంద సీసీ విమానం ఊహించుకోండి. రెక్కలు రెండున్నర మీటర్లు దాటతాయి, బరువు పదకొండు పన్నెండు కిలోలు, ముందు 27, 28 అంగుళాల ప్రొపెల్లర్. పెద్ద విమానం గాలికి బాగా నిలబడుతుంది, నిజమే. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక చిన్నది ఊగుతుంది, అదీ నిజమే. దానికి ఇలాజ్ పెద్ద ఇంజన్ కాదు, ఫజ్ర్ తర్వాత పొలానికి వెళ్లడం. ఆ వేళ డెల్టాలో ఆకు కూడా కదలదు. 30, 35 సీసీ విమానమైతే ఐదారు కిలోలు, రెక్కలు ఊడదీస్తే మనిషంత పొడవుండే బాడీ ఓమ్ని వ్యాన్‌లో సీటు మడిస్తే పడుతుంది. 50, 55 సీసీ విమానాలు ఏడెనిమిది కిలోలు, రెక్కలు దాదాపు రెండుంబావు మీటర్లు. కారున్న ఇల్లు, నాలుగేళ్ల తజుర్బా ఉన్న పిల్లాడు అయితే దానికి నేను అడ్డు చెప్పను. కానీ అది రెండో విమానం కావాలి, మొదటిది కాదు.

పల్టీల విమానం రూపమే వేరు. రెక్క పైన ఎంత వంపో కింద అంతే వంపు, అప్పుడే తలకిందులుగానూ ఒకేలా ఎగురుతుంది. రెక్క బాడీ మధ్యలోంచి వస్తుంది. ఎలివేటర్, రడ్డర్, అయిలరాన్లు మామూలు విమానం కంటే చాలా పెద్దవి. జర్మనీలో వాల్టర్ ఎక్స్‌ట్రా చేసిన ఎక్స్‌ట్రా 300 అసలు విమానం 1988లో ఎగిరింది. దాని నమూనాలు మోడల్ కంపెనీలన్నీ చేస్తున్నాయి. అమెరికా ఎడ్జ్ 540, రష్యా యాక్ 54, సుఖోయ్ ఇవన్నీ ఇదే రకం. లావు రెక్క ఉన్న యాక్ నెమ్మదిగా తేలుతుంది, వేలాడదీయడానికి కొందరు దాన్నే ఇష్టపడతారు. గీత గీసినట్టు రోల్ చేయడం నేర్చుకోవాలంటే నాకు ఎక్స్‌ట్రానే సయీ అనిపిస్తుంది.

ఈ తోక సంగతి వచ్చినప్పుడల్లా నాకు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ గుర్తొస్తాడు. తొమ్మిదో శతాబ్దం, ఖుర్తుబా నగరం. ఈకలు కట్టుకుని ఎగిరాడని, దిగేటప్పుడు దెబ్బ తగిలిందని, పక్షి తోక మీద ఆధారపడి వాలుతుందన్న సంగతి ఆయన పట్టించుకోలేదని మఖ్ఖరీ అనే చరిత్రకారుడు కొన్ని శతాబ్దాల తర్వాత రాశాడు. మా ఉర్దూ మీడియం స్కూల్లో పర్వాజ్ అన్న మాట కవిత్వంలోనే నేర్పారు, తోక గురించి ఎవరూ చెప్పలేదు.

ఇంజన్‌కీ డొక్కకీ నిఖా కుదరాలంటే ఒకటే హిసాబ్. ఇంజన్ లాగే శక్తి విమానం బరువు కంటే ఎక్కువ ఉంటేనే గాల్లో వేలాడుతుంది. ఒకటిన్నర రెట్లు ఉంటే నిశ్చింత. కాబట్టి బరువే దుష్మన్. బాల్సా చెక్క విమానంలో ఎక్కడ గ్రాము పెరిగినా నుక్సానే. అలాగని ఇంజన్ బిగించే ముందు చెక్కపలక దగ్గర కంజూసీ చేయకూడదు. సింగిల్ సిలిండర్ గట్టిగా వణుకుతుంది. జిగురు కీళ్లన్నీ ఇంకోసారి ఎపాక్సీతో పట్టించాలి, ప్రతి బోల్టుకీ లాక్ మందు వేయాలి. ముక్కు మీద కప్పు ఉంటుంది కదా, అందులోకి గాలి దూరే రంధ్రం కంటే వేడిగాలి బయటికి పోయే దారి రెండు మూడు రెట్లు పెద్దగా కోయాలి. మే నెల బందర్ ఎండలో ఈ ఒక్క కోత లేకపోతే ఇంజన్ గాల్లోనే ఆగిపోతుంది.

దుల్హాభాయ్ బజట్‌లో మర్చిపోతున్నది ఇంకోటి ఉంది. ఇంజన్ ఖర్చు సగం కథ కూడా కాదు. రెక్కలకు రెండు, ఎలివేటర్‌కు రెండు, రడ్డర్‌కు ఒకటి, థ్రాటిల్‌కు ఒకటి, కనీసం ఆరు సర్వో మోటార్లు కావాలి, అవీ గట్టివి. రేడియోకి ఒక బ్యాటరీ, ఇగ్నిషన్‌కి ఒక బ్యాటరీ. వంద సీసీ కొని సర్వోల దగ్గర చౌకబేరం చేసేవాడి కంటే 30 సీసీ కొని మంచి సర్వోలు పెట్టేవాడు తెలివైనవాడు. సర్వో గాల్లో చచ్చిపోతే ఆ విమానం ఎవరి నెత్తిన పడుతుందో ఎవరికీ తెలియదు.

మరి కరెంటు మోటారు ఎందుకు కాదు? చాలామంది ఇప్పుడు అటే వెళ్తున్నారు. ప్రపంచ పోటీల్లో ఎఫ్3ఏ తరగతి విమానాలు ఎక్కువగా బ్యాటరీవే. చప్పుడు లేదు, మసి లేదు. కానీ కోడూరు అవతల చేలో ఛార్జింగ్ ఎక్కడ? పెద్ద బ్యాటరీలు నాలుగు సెట్లు కొంటే ఇంజన్ ఖర్చు దాటిపోతుంది. పెట్రోల్ ఒక లీటరు సీసా తీసుకెళ్తే ఉదయమంతా ఎగరేయొచ్చు. ఊరి మధ్య ఉండేవాళ్లకి బ్యాటరీ, పొలం ఉన్నవాళ్లకి పెట్రోల్, నాకు తోచింది ఇదే.

పెట్రోల్ మీద ఒక ఎహతియాత్. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, తేమకి మన బందర్‌లో కొదవ లేదు. డయాఫ్రం రబ్బరు గట్టిపడిపోతుంది, నిల్వ ఉంచిన పెట్రోల్‌లో నీరు అడుగుకి దిగుతుంది. కాబట్టి ఆ వారానికి కావలసినంతే కలుపుకోవాలి. 30:1 అని రాసి ఉంటే లీటరుకి 33 మిల్లీలీటర్ల మంచి సింథటిక్ ఆయిల్, అంతకు తక్కువ కాదు. ఇంటికొచ్చే ముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా ఇంజన్ నడపాలి. డయాఫ్రం కిట్ ఒకటి ఎప్పుడూ డబ్బాలో ఉండాలి.

ఇప్పుడు ఆపా ఫికర్‌కి వస్తా. ఆమె భయం ఫిజూల్ కాదు. 19 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి ఏడువేలసార్లు తిరిగితే దాని కొస వేగం గంటకి 600 కిలోమీటర్లు దాటుతుంది. అది వేలిని కోయదు, తీసుకుపోతుంది. అందుకని కొన్ని షరతులు. ఒంటరిగా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు, ఒకరు తోక పట్టుకోవాలి. ప్రొపెల్లర్ తిరిగే వరసలో ఎవరూ నిలబడకూడదు, చిన్నపిల్లలు అసలే. చేతిలోని రిమోట్ నుంచే ఇగ్నిషన్ ఆపే కిల్ స్విచ్ తప్పనిసరి. సిగ్నల్ పోతే ఇంజన్ దానంతటదే ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టాలి, నేల మీదే పరీక్షించాలి. పక్క చేలో నాట్లేసే ఆడవాళ్లు, గొడ్లు కాసేవాళ్లు ఉంటే ఆ రోజు ఎగరడం లేదు. పడోసీ హక్ అంటే గోడ పక్కవాళ్లకే కాదు.

కానూన్ కూడా వినండి. 2021 డ్రోన్ రూల్స్‌లో మోడల్ విమానాల ప్రస్తావన ఉంది. 25 కిలోల లోపు, సరదాకో చదువుకో, కంటికి కనిపించేంత దూరంలోనే నడిపేవి అయితే టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే 'మోడల్ కదా, ఏ రూలూ లేదు' అనుకునేవాళ్లు పొరబడుతున్నారు. 2 కిలోలు దాటితే స్మాల్ వర్గం. పైలట్ సర్టిఫికెట్ మినహాయింపు వ్యాపారం కాని పనులకి 2 కిలోల వరకే అని 2022 సవరణ చెబుతోంది. మన విమానం ఐదు కిలోలు. రిజిస్ట్రేషన్ సంగతి, ఎయిర్‌స్పేస్ మ్యాప్ రెండూ కొనకముందే చూసుకోవాలి. గన్నవరం ఎయిర్‌పోర్ట్ చుట్టూ హద్దులున్నాయి, గుల్లలమోదలో డీఆర్‌డీవో క్షిపణి కేంద్రం రాబోతున్న దివిసీమలో మరింత జాగ్రత్త. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి ఉంచితే మన పిల్లాడికి, మన పేరుకి రెండింటికీ మంచిది. ఈ మాట ఎందుకు అంటున్నానో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

విమానం అనగానే మన మహఫిళ్లలో కలాం సాబ్ పేరు తీస్తాం, తర్వాత చాయ్ తాగి లేచిపోతాం. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్పుతారని, వాయు సైనిక్ క్యాంపుల్లో దానికి పోటీలుంటాయని ఎంతమంది వాలిదైన్‌కి తెలుసు? భాంజాని కాలేజీలో ముందు అందులో చేర్పించండి అని ఆపాకి చెప్పాను. అక్కడ నేర్పేవాళ్లు ఉంటారు, పక్కన పట్టుకునే చేతులూ ఉంటాయి.

దుల్హాభాయ్‌కి చివరిగా సూట్‌కేస్ సంగతి. ఒక్కసారి కూడా పెట్రోల్ పోయని, సీలు తీయని కొత్త ఇంజన్ అయితేనే తీసుకురండి, అదీ ఎయిర్‌లైన్‌ని ముందే అడిగి. పెట్రోల్ వాసన ఉన్న ఇంజన్‌ని విమానంలోకి రానివ్వరు. లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే, చెక్ ఇన్ సామానులో కాదు. పూర్తి డ్రోన్ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది, విడిభాగాల మీద లేదు, కాబట్టి బిల్లు మీద అది ఏ వస్తువో సాఫ్‌గా రాయించుకోండి. డొక్క అక్కడ కొనకండి, మనిషంత పొడవు డబ్బా ఏ సూట్‌కేస్‌లోనూ పట్టదు, అది ఇండియాలోనే చూద్దాం. సూట్‌కేస్‌లో చోటు మిగిలితే రెండు స్పార్క్ ప్లగ్‌లు, మూడు డయాఫ్రం కిట్లు, రెండు స్పేర్ ప్రొపెల్లర్లు. ఆపా మాత్రం ఆ రెక్కలు ఇంట్లో ఎక్కడ పెడతాడో ముందు తేల్చమంటోంది, బీరువా మీద తన దుప్పట్ల మూటలు కదపడానికి వీల్లేదట.